రెండు లీటర్లు

ఏలూరు రోడ్డులో సైకిళ్ళ షాపు.
ఏసీ గదిలో గోడకి పదకొండు సంచులు,
ఒక్కోదానికీ ఒక్కో రబ్బరు తొండం.
"బ్లాడర్ అంటారు మేడం దీన్ని" అన్నాడు కుర్రాడు.
తిత్తి, అనుకున్నాను మనసులో.
తిత్తి అంటే అతనికి తెలీదు,
బ్లాడర్ అంటే మా ఇంట్లో నవ్వుతారు.

ఒకటిన్నరా, రెండా, మూడా?
కరకట్ట మీద అవనిగడ్డ దాకా పోయి రావాలి,
మార్చి ఆఖరి ఆదివారం.
పోయిన నెల తోట్లవల్లూరు దాటాక
సీసా కోసం కిందికి వంగానో లేదో
ఇసుక లారీ హారన్ కొట్టింది.
సైకిలుతో సహా అరటితోటలోకి దిగిపోయాను.
మోచేతి మచ్చ ఇంకా పచ్చిగానే ఉంది.

మూడు లీటర్లది ఖాళీగానే బరువనిపించింది.
ఇంకోదాని మూతి ఎంత ఇరుకంటే
ఐసుముక్క పట్టదు, కడగడానికి వేలు దూరదు.
"నీళ్ళు పోసి చూపించు" అన్నాను.
అలా ఎవరూ అడగరట.
చివరికి రెండు లీటర్లవి రెండు తెచ్చుకున్నాను,
ఎరుపొకటి, నీలమొకటి,
నచ్చనిది వాపసు తీసుకునే ఒప్పందం మీద.

మా ఇల్లు చిట్టినగర్ కొండ మీద, నూట అరవై రెండో మెట్టు.
పది మెట్ల కింద గడపలో కూచుని
నాంచారమ్మత్త చింతపండు పిక్కలు తీస్తోంది.
కొళాయి కొండెక్కని రోజుల్లో
బిందెకి పావలా, పై వరసకి అర్ధరూపాయి,
ఈ మెట్ల మీద పాతికేళ్ళు నీళ్ళు మోసిన మనిషి.
మా అమ్మ బాకీ పదకొండు బిందెలు
ఇప్పటికీ గుర్తే ఆవిడకి.

"ఎంత పడతయ్యే?"
"రెండు లీటర్లు."
"చెంబుడు! ఎంత పోశావ్?"
నాలుగున్నర వేలని రెండున్నర చేసి చెప్పాను.
ఆ రెండున్నరకే దణ్ణం పెట్టింది.

చేతులు కడుక్కుని లేచింది.
చీర మీదే ఎర్రది తగిలించుకుని
నాలుగు మెట్లెక్కింది, నాలుగు దిగింది.
"ఇది భుజాన్ని కోసుద్ది. తీసెయ్."
నీలందానికి పట్టీ తనే లాగి బిగించుకుంది,
చూపించకుండానే, సరిగ్గా ఎముక మీదికి.
"ఇదీ. నీళ్ళు నడుమ్మీద కూకోవాలి,
మెడ మీద కాదు."
ఓసారి ఒళ్ళు కుదిపి చూసింది.
"తొణుకుతుందే. మేం బిందెలో వేపరెమ్మ వేసేవాళ్ళం."

తిత్తిని తలకిందులు చేసి
గొట్టంలోంచి గాలంతా పీల్చేశాను, కుర్రాడు నేర్పినట్టు.
మళ్ళీ ఎక్కింది, మళ్ళీ దిగింది.
తన వీపునే చెవి ఒగ్గి విన్నది.
చప్పుడు లేదు.
"ఐతే రెమ్మక్కర్లేదన్నమాట" అంది
ఏదో పోగొట్టుకున్నదానిలా.

గొట్టం నోటికందించాను. కొరికి పీల్చింది.
ప్లాస్టిక్ వాసనకి మొహం ముడుచుకుంది,
అంతలోనే ఆగింది.
"మోస్తా తాగొచ్చా?"
"అందుకేగా అత్తా ఇది."
"మోసేవోళ్ళే?"
ఊఁ అన్నాను.
ఇంకో గుక్క తాగింది.
"మేం పైకి చేర్చి, బిందె దించి,
వాళ్ళు పోస్తే అప్పుడు తాగేవోళ్ళం.
గీతకి దిగితే పావలాలో కోసేవోళ్ళు."
చెప్పి పట్టీ విప్పబోయింది. నొక్కు రాలేదు.
నేనే విప్పాను.

సోమవారం ఎర్రది తిరిగిచ్చాను.
"ఏం తేడా మేడం?" అన్నాడు కుర్రాడు.
"మా అత్త వేసుకు చూసింది" అన్నాను.
కాగితంలో కారణం దగ్గర
సైజు, అని రాసుకున్నాడు.

ఒక్క లోపం మాత్రం కొన్నాక తెలిసింది:
వీపు మీది నీళ్ళు ఎంత మిగిలాయో కనపడవు.
ఎండలో, ఘంటసాల ఇంకా రాకముందే
గొట్టం గుర్రుమంటే తప్ప.

ఆదివారం నాలుగున్నరకి సైకిలు భుజానేసుకుని
చీకట్లో మెట్లు దిగుతుంటే
గడపలో బీడీ నిప్పు కదిలింది.
"ఆగు" అంది.
వెనకనుంచి సంచీ అడుక్కి రెండు వేళ్ళు పెట్టి
కొంచెం పైకెత్తి చూసింది.
"నిండుగానే ఉంది. పో."