కాళ్లు ఆనే ఎత్తు

మొదట నేను గీసింది గాజు.
పడమటి వైపు, నేల నుంచి కప్పు దాకా
ఏడు మీటర్ల గాజు.
లోయంతా, కార్క్ చెట్ల వాలంతా
సోఫాలోంచి కదలకుండా చూడొచ్చన్నాను.

ఇదలీనా కాగితాన్ని అటు తిప్పింది, ఇటు తిప్పింది.
ముప్పై ఒక్క ఏళ్లు
సెతూబల్ రేవులో పడవ టిక్కెట్లు చింపిన వేళ్లు.
"పిల్లా, ఆ నదిని నేను అద్దంలోంచే చూశాను.
పొద్దుణ్ణుంచి పొద్దుగూకేదాకా చూశాను.
ఒక్కనాడూ తడవలేదు.
ఇది నాకొద్దు.
ఒక తలుపు పెట్టు. ముందు కూర్చోడానికి ఒక రాయి."

కోపమొచ్చింది, దాచడమెందుకు.
లిస్బన్ తిరిగి వెళ్తూ కారులో
ఆ ఏడు మీటర్లనీ ఏడుసార్లు కట్టుకున్నాను.
వంతెన దాటాక చెరిపేశాను.

జెఫెరీను వచ్చాడు, దిమ్మిస భుజాన వేసుకుని.
ఎర్రమట్టిని పిడికిట నొక్కి
నడుమెత్తు నుంచి జారవిడిచాడు.
మూడు ముక్కలైంది. తలూపాడు.
పొడిపొడిగా రాలితే నీళ్లు చాలలేదని,
ముద్దగా పడితే ఎక్కువయ్యాయని.
నా ల్యాబ్ రిపోర్టు నాలుగు పేజీల్లో చెప్పిందీ అదే.

చెక్క పలకల మధ్య జానెడు మట్టి,
బెత్తెడయ్యేదాకా దెబ్బ.
మళ్లీ జానెడు. మళ్లీ దెబ్బ.
"చప్పుడు విను," అన్నాడు,
"ముందు పరుపు దులిపినట్టుంటుంది,
తర్వాత ఎవరో తలుపు తట్టినట్టుంటుంది.
అప్పుడు ఆపెయ్యి."

మట్టి ఎక్కణ్ణుంచో తేలేదు.
గోడ లేచినకొద్దీ పెరట్లో గొయ్యి దిగింది.
కప్పు పడేసరికి
ఇల్లే బోర్లా పడుకుని లేచి వెళ్లిపోయినట్టు
ఒక పెద్ద గుంట.
పూడ్చేద్దామన్నాడు కాంట్రాక్టరు.
ఉండనీ అంది ఇదలీనా.
నవంబరు దాన్ని నింపింది. కప్పలు వాటంతటవే వచ్చాయి.

కప్పు కింద పరిచిన నల్లటి పలకలు
ఎదుటి వాలులోని చెట్ల బెరడే.
ఒలిచిన మాను మీద తెల్లగా ఒక అంకె వేస్తారు,
ఒలిచిన ఏడాదిలోని చివరి అంకె.
తొమ్మిదేళ్లు దాని జోలికెళ్లకూడదు.
ఇదలీనా వేళ్ల మీద లెక్కేసింది: డెబ్బై ఏడు.
"చెట్టు కొత్త చొక్కా తొడుక్కునేసరికి
నా మోకాళ్లు చిరుగుతాయి," అని
ఒక్కతే నవ్వింది చాలాసేపు.

మార్చిలో మళ్లీ వెళ్లాను, పగుళ్లు చూడాలని.
పగుళ్లు లేవు.
ఉత్తరపు గోడలో, మూడో పొరకీ నాలుగో పొరకీ నడుమ
బార్లీ మొలిచింది,
వేలెడంత, అడ్డంగా, పచ్చగా.
జెఫెరీను టోపీ తీసి చేతిలో నలిపాడు.
లోమట్టే వాడాలట. ఎక్కడో పిడికెడు పైమట్టి కలిసిందట.
నలభయ్యేళ్లలో ఇలా జరగలేదట.
పీకబోతే ఇదలీనా అతని మణికట్టు పట్టుకుంది.
పట్టుకున్న చెయ్యి కాసేపు వదల్లేదు.
నేను గోడనే చూస్తూ నిలబడ్డాను.

తర్వాత ముగ్గురం రాతి మీద ఇరుక్కుని కూర్చున్నాం.
తడిసిన సున్నం వాసన, రోజ్‌మేరీ వాసన.
లోయ అవతల మొదలైన వాన
గొర్రెల్ని దాటి, గుంటని దాటి, మా దాకా వచ్చింది.
ఎవరం లేవలేదు.

అలవాటు చొప్పున టేపు తీసి రాయి కొలిచాను.
నేను గీసింది నలభై ఐదు.
ఉన్నది ముప్పై ఎనిమిది.

"నేనే తగ్గించమన్నాను," అంది,
చెప్పులు విడిచి బురదలో మడమలు ఆనించి,
"ఆ టిక్కెట్ల గదిలో కుర్చీ ఎత్తు.
ముప్పై ఒక్క ఏళ్లు
నా కాళ్లు వేలాడాయి."