మైనస్ గుర్తు

టెక్కలి కాలేజీలో పందొమ్మిదేళ్ళుగా
అదే బోర్డు మీద అదే సమీకరణం:
డెల్టా జి ఈక్వల్టు డెల్టా హెచ్ మైనస్ టి డెల్టా ఎస్.
నాలుగు మార్కులు, తప్పక వస్తుంది, గీత గీసుకోండి అన్నాను.
వాళ్ళు గీశారు. నేను చెరిపాను.
సుద్దపొడి నా చొక్కా మీద రాలింది.
ఆ పొడి మళ్ళీ సుద్దముక్క అవడం
నేనెన్నడూ చూడలేదు, చూడలేదని గమనించనూ లేదు.

ప్రీఫైనల్ పేపర్లు దిద్దుతూ
దమయంతి మైనస్ పెట్టాల్సిన చోట ప్లస్ పెడితే
ఒక మార్కు కోశాను.
మర్నాడు స్టాఫ్‌రూము గుమ్మంలో నిలబడి
ఆ పిల్ల మార్కు అడగలేదు.
"మా అయ్య మిమ్మల్నోపాలి మడి కాడికి రమ్మన్నాడు సార్,
ఉప్పు సంగతేటో అడుగుతాడంట."

నౌపడ. మిట్టమధ్యాహ్నం.
కళ్ళు చిట్లించకుండా చూడలేని తెలుపు.
పగిలిన మడమలతో చౌడునీళ్ళలో నిలబడి
చెక్కపలకతో ఉప్పును గట్టుకి లాగుతూ
ముఖలింగం తలెత్తకుండానే అడిగాడు:

"గంజిలో ఏస్తే ఎవులూ సెప్పకుండానే కరిగిపోతాది.
మడిలో ఎవులూ సెప్పకుండానే గడ్డకడతాది.
రెండూ దానంతట అదే అయితే
దాని బుద్ధి ఏటి బాబూ?"

జేబులో సుద్దముక్క లేదు.
పుల్లతో బురద మీద గీశాను.
హెచ్ అంటే మొత్తం కూలి అనుకో,
టి ఎస్ అంటే మేస్త్రీ కోత,
పోగా చేతికి మిగిలేదే జి.
ఆ మిగిలిందే పనికొస్తుంది, తక్కిందంతా లెక్కలోదే.

"టి ఏటి?"
ఎండ.
"ఎండెక్కితే కోతా ఎక్కువే అన్నమాట," నవ్వాడు,
"మీ లెక్క ఎవుడో మడిలో పనిసేసినోడే రాసుంటాడు."

ఆదెమ్మ గంజి క్యారేజీ మూత తీసి చిటికెడు ఉప్పు వేసింది.
చూడు, అన్నాను.
కరగడానికి అది గంజిలో వేడిని కాస్త తింటుంది,
వేలికి తెలియనంత.
చేతి డబ్బు పెట్టుకుని మరీ కరుగుతుంది.
వరసలో నిలబడ్డానికి ఒక్కటే తీరు,
చెదిరిపోవడానికి లెక్కలేనన్ని. అందుకు.

మరి మడిలో?
మడిలో ఉప్పొక్కటే లేదు ముఖలింగం, నీళ్ళూ ఉన్నాయి.
గాలికి ఆవిరై అవి ఆకాశమంతా చెదిరిపోతే
ఆ పెద్ద చెదురులోంచి
ఉప్పుకి ఈ చిన్న సర్దుబాటు దొరికింది.
గల్లు గింజ నాలుగు మూలలూ తడిమి
అతనేమీ అనలేదు.
పుల్లతో గీసిన ఎస్ మీద
చౌడునీరు మెల్లగా ఎక్కింది.

తొమ్మిదో రోజు రాత్రి
కాలం కాని కాలంలో సముద్రం మీంచి వాన.
తాటాకు కప్పింది సగం కొటారుకే.
పొద్దున్నే వెళ్ళేసరికి
మిగతా సగం పక్క, నీటి కాలువలు గీసిన నేల.
నలభై బస్తాలు.

"మీ ఎస్ వొచ్చి ఎల్లిపోనాది బాబూ," అన్నాడు.
నాకు ఏ సమీకరణమూ గుర్తు రాలేదు.
ఆదెమ్మ అప్పటికే గట్టు తెగిన చోట బురద మెత్తుతోంది.
దమయంతి తట్ట అందిస్తోంది,
కాలేజీ బ్యాగు భుజం మీదే ఉంది.

చివరి రివిజన్ క్లాసు.
డెల్టా హెచ్ దాకా రాసి
ఆ చిన్న అడ్డగీత దగ్గర నా చెయ్యి ఆగింది.
"సార్, ఇది ఎన్ని మార్కులు?"
నలభై బస్తాలు, అన్నాను.
అందరూ నవ్వారు.
మూడో బెంచీలో ఒక్కతె
తల వంచుకుని
మైనస్ కింద గీత గీసుకుంది.