అరవై ఒకటో లెవెలు

ల్యాంపురూముల నా పని చెయ్యి చాపుడే.
బిళ్ళ ఇస్తరు, దీపం తీసుకుంటరు.
మేకుకు బిళ్ళ ఏలాడుతున్నంతసేపు
ఆ మనిషి భూమిలున్నట్టు.

డ్యూటీ దిగినంక ఫోను తీస్త.
ఆటల నా పేరు గుడ్డిదీపం,
గాయాలు మాన్పేదాన్ని.

మొదటి పది లెవెళ్ళు పుట్నాలు బుక్కినంత అల్కగ ఐపోతయి.
ఊరవతల పది ఎలుకలను కొడితే ఒకటి,
గుడిసెల ముసలామెకు మూలికలు తెచ్చిస్తే ఇంకొకటి.
ఎక్కినప్పుడల్లా ఒంటి చుట్టు పసుప్పచ్చ వెలుగు,
ఎవరో నీ ఒక్కదాని కోసం సన్నాయి ఊదినట్టు.

ఇరవై దాటినంక ఎరుకైతది లెక్క.
ప్రతి మెట్టు ముందటి మెట్టు కన్న వెడల్పు.
నలభై నుంచి నలభై ఒకటికి
మూడు వారాలు పట్టింది నాకు, నడుమ ఒక జరం.
యాభై మీద అది మెట్టు గాదు, మైదానం.
రాత్రంత నడిస్తే
కింద గీత వెంట్రుకంత నిండుతది.

ఆ ఎలుకలు ఇంక ఆన్నే ఉన్నయి.
ఇప్పుడు కొడితే సున్న.
వాటి పేర్లు బూడిదరంగైనయి,
నన్ను చూసి ఉరకవు గూడ.
ఒకసారి నేర్సిన పని మళ్ళ ఏం నేర్పదని
ఎవరో కూసోని రాసిపెట్టిన్రు.
కిటికీ కాడ నాకట్లనిపియ్యదు.
అదే చెయ్యి, అదే బిళ్ళ,
బొటనేలి గోరు మాత్రం నిన్నటి కన్న నల్లగ.

మందమర్రిల, సెకండ్ షిఫ్టుకు ముందర,
చాయ్ బండి కాడ సపోర్టుమన్ దుర్గం పోశాలు
నా ఫోన్లకు తొంగి చూసిండు.
"ఏ లెవెలు బిడ్డా?"
"అరవై ఒకటి కాకా."
గలాసు నోటి కాడ ఆగింది.
"అరవై ఒకటా! మన బాయిల
నలభై మూడు కాడనే నీళ్ళూరుతున్నయి.
ఆడ గాలి అందుతుందా?"

నవ్విన. ఆయన నవ్వలే.
ఆయనకు లెవెలంటె కిందిది.
డిప్పు దిగుకుంట పోతాంటె అడ్డమొచ్చే సొరంగం.
నంబరు పెరిగినకొద్ది ఉక్క,
నంబరు పెరిగినకొద్ది ఇల్లు దూరం.

"ఇది పైకి పోతది కాకా."
"పోతె ఏమొస్తది?"
"దెబ్బకు ఓర్సుకునే బలమొస్తది.
పడ్డోళ్ళను లేపే మంత్రమొస్తది."
"ఇంక?"
"ఇంక పెద్ద రాక్షసులొస్తరు."
"గదే గద," అన్నడు, చాయ్ ఊదుకుంట.

బదిలీ ఫిల్లరు, ఫిల్లరు, సపోర్టుమన్.
ఇరవై తొమ్మిదేండ్లల మూడు మెట్లు.
ఏ మెట్టు మీద సన్నాయి ఇనలేదంట,
ఒక్కసారి మాత్రం క్యాంటీన్ల మిర్చి పంచిండంట.

"నాకో మనిషిని చెయ్యి," అన్నడు.
చేసిన. లెవెలు ఒకటి, చేతిల కట్టె,
అంగి లేదు.
మొదటి గుహ ముందర నిలవెట్టిన.
లోపల మూడే గబ్బిలాలు, చిన్న పిలగాడైనా గెలుస్తడు.
పోశాలు కాక లోపలికి పోలే.
మొరటు ఏలుతోని గుండీ ఒత్తి
కట్టెతోని కప్పును కొట్టిండు.
చెవి ఫోనుకు ఆనిచ్చిండు.
మళ్ళ కొట్టిండు.
"సప్పుడే రాదేందిరా ఇది," అన్నడు.
"సప్పుడు చెప్పని కప్పు కిందికి
ఎట్ల పొమ్మంటవ్?"
సైరనైంది. గలాసు పెట్టి లేసి పోయిండు.
ఆయన మనిషి ఇంక ఆన్నే నిలవడ్డడు,
అంగి లేకుంట, గుహ బయట.

రాత్రి మా గుంపుల ఐదుగురం.
భూపాలపల్లి పిలగాడు ముందర ఢాలు వట్టుకునేటోడు,
అరవై నాలుగు, బలే తొందర.
మంచు కోట వాకిట్ల నేనాగిన.
నా మంత్రదండం పైకెత్తి
కప్పును ఒకసారి కొట్టిన.

"ఏం చేస్తున్నవ్ అక్కా? దానికేం పాయింట్లు రావు."

రాలే. గీత గూడ కదల్లే.
ఇంకోసారి కొట్టి, చెవి వెట్టి,
"నడువుండ్రి" అని రాసిన.