పదిహేడు చుక్కలు

పన్నెండు పంపులొచ్చాయి ఓడలో,
చెక్కపెట్టెలో, పాత దుప్పట్లు చుట్టుకుని.
వాటి ప్లగ్గులు మా గోడల్లో దూరవు.
బ్యాటరీలు పొట్టలు ఉబ్బి పోయాయి.
తెర మీద మాటలన్నీ డచ్చి భాష.
ఎనిమిదింటి ఒళ్లు విప్పి
నాలుగింటిని లేపి కూర్చోబెట్టాను.
జోంబాలో, ఆసుపత్రి వెనక, జెనరేటర్ పక్క గదిలో
ఇదే నా పని. పేరు యోతాము.
తలుపు మీద మాత్రం "మరమ్మతులు" అని ఉంటుంది.

డచ్చి నాకేం వస్తుంది?
పందొమ్మిది మాటలు పట్టుకున్నాను:
తలుపు, గాలి, ఖాళీ, అడ్డు, ఆగు...
యంత్రానికి అంతకు మించి బాధలు లేవు.

మూడో పంపు కళ్లు తెరవగానే అడిగింది:
"అదే పేషెంటా?"
కింద రెండు మీటలు. అవును. కాదు.

లోపలికెళ్లి చూస్తే చివరి లెక్క చెరగలేదు.
మార్ఫిన్. గంటకు రెండు మిల్లీలీటర్లు.
తెల్లవారుజాము నాలుగూ పన్నెండుకి ఆగింది.
మందైపోయి కాదు.
సంచిలో సగం ఉండగానే
ఎవరో చేత్తో ఆపారు.

వీపున ఒక ప్లాస్టరు ముక్క,
దాని మీద పెన్నుతో: తొమ్మిది, ఇంకేదో మాట.
ఇరవయ్యో మాట కోసం మళ్లీ నిఘంటువు తీశాను.
కిటికీ.

"కాదు" నొక్కేసరికి
టీ చల్లారిపోయింది.

ఎనెలేసిని చిల్వా సరస్సు నుంచి
సైకిల్ మీద తెచ్చారు, మూర్ఛల మధ్య,
గుడ్డల నిండా ఎండుచేపల వాసన.
బిడ్డ సాయంత్రమే పుట్టాడు.
తల్లి ఇంకా గట్టెక్కలేదు.
మెగ్నీషియం తగ్గితే మూర్ఛ తిరిగొస్తుంది,
హెచ్చితే ఊపిరి వెళ్లిపోతుంది.
ఆ రెంటి నడుమ సన్నటి గట్టు మీద
గంటకు యాభై మిల్లీలీటర్లు
తూలకుండా నడవాలి.
నా మూడో పంపుకి అప్పజెప్పాను.

ఒంటిగంటన్నరకి కరెంటు పోయింది.
డీజిల్ లేదన్నారు.
బ్యాటరీ పదకొండు నిమిషాలు ఓర్చుకుని,
ఏడ్చి, ఊరుకుంది.

నర్సు ఫలేసి నన్నొక మాటా అనలేదు.
అనుంటే బాగుండేది.
గొట్టం పంపులోంచి లాగి
బొటనవేలు రోలరు మీద పెట్టింది.
గుండెల మీద తలకిందులుగా వేలాడే గడియారం.
ఫోను వెలుతురు నేను పట్టుకున్నాను.

కిటికీ బయట ఆకాశంలో చుక్కలు
ఎవరికీ లెక్క చెప్పనక్కర్లేనన్ని.
లోపల, గాజుబుడ్డంత గదిలో,
నిమిషానికి పదిహేడు.
ఒకటి కూడా ఎక్కువ రాలకూడదు.
మా అమ్మమ్మ జావ కాచేటప్పుడు
"పాంగోనో, పాంగోనో" అనేది పొయ్యితో,
నెమ్మదిగా, తొందరెందుకని.
నేనూ అదే అంటున్నాను గొట్టంతో.

గంటకోసారి ఫలేసి అరచేతి అంచుతో
ఎనెలేసి మోకాలి కింద తడుతుంది.
కాలు లేస్తుంది, కొంచెం,
కలలో మేకపిల్లని తన్నినట్టు.
"ఉంది," అంటుంది ఫలేసి. అంతే.

వార్డులో ఇంకా ఆరుగురున్నారు.
ఆమె వాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు
లెక్క నా చేతికొచ్చింది.
మనుషుల్ని ముట్టుకునే ఉద్యోగం కాదు నాది.
గంటకు వెయ్యిన్నీ ఇరవై. తప్పితే మళ్లీ ఒకటి నుంచి.
ఒకసారి తప్పాను. ఎవరికీ చెప్పలేదు.

కరెంటు వచ్చింది.
నాలుగు దాటినట్టుంది, ఎంత దాటిందో
గడియారం చూడాలనిపించలేదు.
పంపు లేచింది, ఏమీ ఎరగనట్టు,
అదే ప్రశ్న.

"ఏమంటోంది?" అంది ఫలేసి.
చెప్పాను.
"ఇంకెవరనుకుంటోంది?" అని నవ్వింది,
ఆ రాత్రికి మొదటిసారి.

అవును నొక్కాను.
గొట్టం సర్ది, తలుపు మూసి, రోలరు వదిలేశాం.
మోటారు సన్నగా మూలగడం మొదలెట్టింది.
అయినా ఆమె కదల్లేదు.
చుక్కల వైపే చూస్తోంది,
పెదాలు ఆడుతూనే ఉన్నాయి:
పద్నాలుగు, పదిహేను,
పదహారు