ధడా

కాశీబుగ్గ రైలుగేటు పక్కన
ఢిల్లేసు కాటాలు బాగుచేసే కొట్టు.
గేటు పడ్డప్పుడల్లా అక్కడే దొరికిపోతాను,
సంచిలో దిద్దని ఫిజిక్స్ పేపర్లు,
బుర్రలో ఏ పేపర్లోనూ రాని ప్రశ్న.

గూడ్సు పోతోంది. గాజుపెట్టెలో
బంగారం తూచే త్రాసు ముల్లు వణుకుతోంది.
"ఎన్ని తలుపులేసినా దీనికి తెలిసిపోద్ది మేడమా."

పళ్ళెం పక్కనున్న జీడిపప్పు గుండు తీసి అడిగాను:
ఇది ఒకేసారి రెండు పళ్ళేల్లోనూ ఉందనుకో.
బద్ద ఇటూ బద్ద అటూ కాదు.
గుండుకి గుండు ఇక్కడ, అదే గుండు అక్కడ.
ముల్లు ఎటు మొగ్గుతుంది?

ఢిల్లేసు నవ్వలేదు.
అతనిలో నాకు నచ్చేది అదే.
బీడీ ఆర్పి, చాలాసేపు చూసి,
"ముల్లు కూడా రెండేపులా మొగ్గాలి కదేటండీ?
మరప్పుడు ముల్లున్న బల్లో?
బల్లున్న నేలో?"

పెద్దపెద్ద బుర్రలన్నీ ఆ నేల దగ్గరే
ఆగిపోయాయని చెప్పబోయాను.
గేటు లేచింది.

గెస్ట్ లెక్చరర్ జీతం గంటల్లో వస్తుంది,
అద్దె నెలల్లో పోతుంది.
అందుకని సాయంత్రాలు జీడి ఫ్యాక్టరీలో పద్దులు రాస్తాను.
అక్కడ రెండు పుస్తకాలు.
ఒకటి బస్తాలది. లారీ, వేబ్రిడ్జి, టన్నులు.
అందులో గింజ అనే మాటే లేదు,
బరువు కొత్త తారురోడ్డులా నున్నగా పోతుంది.
రెండోది గింజలది. గుండు, బద్ద, ముక్క,
రెండొందల నలభై రకం, మూడొందల ఇరవై రకం.
అక్కడంతా ఎంచడమే,
ఒకటికీ రెండుకీ నడుమ ఏమీ ఉండదు.

ఏ పుస్తకమూ తప్పు కాదు. రెండూ ఆడిట్‌లో నెగ్గాయి.
ఒకే పేజీలో కలపబోతేనే తేడా.
యజమాని దానికి తరుగు అని పేరు పెట్టాడు.
పేరు పెట్టాక
ఆయనకి నిద్ర పట్టింది.

పళ్ళెం వాలుగా ఉంటే ధడా కడతాడు ఢిల్లేసు:
సీసపు ముక్కో, చింతపిక్కో, ఇంత లక్కో.
వెలుగు లెక్కలకీ అలాగే కట్టారు.
జవాబు అనంతంలోకి జారినప్పుడు
రెండు రాళ్ళు వేస్తే
ముల్లు బుద్ధిగా మధ్యకొచ్చింది.
బరువు వంతు వచ్చేసరికి
ఒక రాయికి ఇంకో రాయి అడుగుతోంది,
దానికి మరోటి,
మహేంద్రగిరిని పెళ్ళగించి వేసినా
పళ్ళెం గాల్లోనే.

తవిటమ్మ ఇరవై రెండేళ్ళుగా జీడిపిక్క కొడుతోంది.
జీడినూనె ఆమె వేళ్ళ గీతలు తినేసింది.
రేషన్ మిషను మీద బొటనవేలు పెడితే
సరిపోలలేదు అంటుంది.
చీరచెంగుకి తుడుచుకుని పెడితే,
సరిపోలలేదు.
మిషను లెక్కన ఆమె అక్కడ లేదు.
క్యూ లెక్కన అక్కడే, అడ్డంగా ఉంది.
"మరి నాను ఉన్నట్టా నేనట్టా, గుంటా?"
నా దగ్గర జవాబు లేదు.
విసుగొచ్చి బియ్యం కాటా ఎక్కి నిలబడింది.
ఎర్ర అంకెలు కాసేపు తడబడ్డాయి,
నలభై ఆరు కేజీల మూడొందలు దగ్గర ఆగాయి.
"ఇదో, ఇది ఒప్పుకుంది!"

ఒకే బల్ల. ఒకే ప్లగ్గు.
ఒక మిషనుకి ఆమె లేదు,
ఇంకోదానికి చెప్పులతో సహా ఉంది.
డీలరు రెండింటికేసీ చూసి
రేపు రమ్మన్నాడు.

మర్నాడు గేటు పడింది.
ఆ జీడిగుండు ఏదీ అన్నాను.
"రాత్రి ఆకలేసి తినీసినానండి."
ఏ పళ్ళెంలోది అని అడగబోయి ఊరుకున్నాను.
గూడ్సు ఇంకా కనబడలేదు.
గాజుపెట్టెలో ముల్లు అప్పుడే
వణుకుతోంది.