పురుగు వాటా

నా వీపు మీద పదహారు లీటర్ల ట్యాంకు,
ముత్తక్క నడుముకు గుడ్డ సంచి.
ఇద్దరం మందుతోనే బతుకుతం.
నేను కొడత, ఆమె ఇస్తది.
మా దిక్కు ఎవడన్నా మందు తాగిండంటే
ఏ మందని ఎవ్వరూ అడగరు,
బండి కోసం ఉరుకుతరు.

చిత్త కార్తెల పిల్లగానికి దగ్గు పట్టింది.
రాత్రంతా వాని ఛాతీల ఎవరో
రేకు డబ్బాను గీరినట్టు.
తాడ్వాయి దాటినంక, మిరప చేన్లు తెగి
అడవి మొదలయ్యే కాడ ఆమె గుడిసె.
ఈసమోళ్ల ముసలమ్మ.
పిల్లగాని వీపుకు చెవి ఆనించి విన్నది,
బోరు గొట్టంల నీళ్లొస్తున్నయా అని వినేటోని లెక్క.
"కరక పువ్వు కావాలె. పోయి తెంపుకరా."

పోయిన. గంట తిరిగి
నవనవలాడే కొమ్మ ఇరిసి తెచ్చిన,
నూనె రాసినట్టు మెరిసే ఆకులు.
ఆమె చూసి పక్కకు పెట్టింది,
మేక ఉంటే మేక ముందర వేసేదేమో.
"ఇది ఎవ్వలూ ముట్టని ఆకు బిడ్డా.
దీనికేం తెలుసు?"

అప్పుడు చెప్పింది. కరక పువ్వు పువ్వు కాదు.
ఒక పురుగు, కంటికి ఆననంత చిన్నది,
లేత ఆకును కుట్టి గుడ్డు పెడుతది.
ఆకుకు కోపమొస్తది. ఉబ్బుతది.
తన లోపలి వగరునంతా
ఆ ఒక్క జాగకు తోలుకుంటది,
పురుగు చుట్టూ గోడ కడుతది.
ఆ గోడే మందు.
"కొట్లాడిన ఆకు కావాలె నాకు.
సుఖపడ్డ ఆకు కూరకు పనికొస్తదేమో."

కానుగాకు మీది బొబ్బలు,
జల్లెడైన తిప్పతీగ ఆకు,
ఏ చీడ తిన్నది ఏ నొప్పికో
అంతా ఆ గుడ్డ సంచిల ముడులు ముడులుగ ఉన్నది.

మల్ల ఆమెనే నా వెంట వచ్చింది.
అంచు చెట్లు నాలుగు చూసినం.
నిరుడు గుత్తులు గుత్తులు ఉండెనట.
ఇప్పుడు ఒక్క ఆకు మీద ఒక్క బుడిపె లేదు.
ఐదో చెట్టు కాడ ఆగి నా అంగీ వాసన చూసింది.
"ఏం మందు కొడుతున్నవ్?"
పేరు చెప్పిన.
డబ్బా మీద ఎర్ర ముక్కోణం ఉంటదని చెప్పలే.
గాలి అడవి దిక్కే తోలుతదని ఇద్దరికీ ఎరుకే.
తామర పురుగు మా మూడెకరాలు నాకిపోయిన ఏడు
ఏనుమాముల యార్డుకు ఎల్లింది రెండే బస్తాలు.
అది గూడ ఆమెకు ఎరుకే.
అందుకేనేమో తిట్టలే.
తిడితే బాగుండు.

వాగు దాటి, బాగ లోపల, పొద్దు వాలినంక
ఒక ముసలి కరక చెట్టుకు దొరికినయి.
వంకర కొమ్ములసొంటివి, పసుపు పచ్చగ, ఐదు.
మూడు తెంపింది.
"ఆ రెండు?"
"ఇంట్ల మనుషులున్నరు."

వేయించి, నూరి, తేనెల నాకించినం.
దగ్గు దేనికి తగ్గిందో చెప్పలేను,
ములుగు డాక్టరు సిరప్ గూడ ఇచ్చిండు.
తగ్గింది. అంతే.

ఇప్పుడు అడవి దిక్కు నాలుగు సాళ్లు
మందు కొట్టకుండ ఇడిసిపెడుతున్న.
కొంరమ్మ లెక్క గడుతది:
నాలుగు సాళ్లంటే ముప్పై కిలోలు,
ముప్పై కిలోలంటే పిల్లగాని బడి బస్సు పైసలు.
ఆమె లెక్క తప్పు పోదు.
ఆ సాళ్లల్ల ఆకులు పడవల లెక్క ముడుచుకున్నయి.

నిన్న ఒక ముడత విప్పి చూసిన.
నల్లగ, నువ్వు గింజ ముక్కంత, కదులుతున్నది.
బొటనవేలు దాని మీదికి పోయి
ఆగింది.
ఎంతసేపో తెల్వదు.
ట్యాంకు ఒడ్డు మీద ఉన్నది, నిండుగ.