ఎనభై ఎనిమిది

నా పేరు వెర్నా టెస్కీ. షెబోయ్‌గన్‌లో
గురువారం రాత్రుల ఆడవాళ్ళ బౌలింగ్ లీగుకి
పంతొమ్మిదేళ్ళుగా లెక్కలు రాస్తున్నాను.
మెషీన్ చూపించేది మెషీన్ చూపిస్తుంది,
నేను మాత్రం పెన్సిలుతో రాసుకుంటాను.

డెల్ఫీన్ కుక్టాది ఎడమచేతి వాటం.
ఓ మంగళవారం మందులషాపులో ఫ్లూ టీకా.
ఏ చేతికి అని అడిగితే
నీకేది దగ్గరైతే దానికే, అందట.
ఆ పిల్ల ఎడమవైపు నిలబడి ఉంది.
అంతే.

ఆ గురువారం, అక్టోబరు పద్నాలుగు,
నూట అరవైకి తగ్గని మనిషి
ఎనభై ఎనిమిది దగ్గర ఆగిపోయింది.
చివరికొచ్చేసరికి బంతిని రెండు చేతులా పట్టుకుని
నిద్రపోయిన చంటిపిల్లని పడుకోబెట్టినట్టు
నేల మీద దించింది.
అంకె పక్కన నేను చిన్నగా రాశాను: భుజం.
ఎందుకో తెలియదు. ఖాళీ ఉంది, రాశాను.

డాక్టరు దగ్గరికి వెళ్ళింది మార్చిలో.
అప్పటిదాకా ఐసు, వేడినీళ్ళ సంచీ,
తప్పంతా సరస్సు మీది చలిగాలిదే.
ఎన్నాళ్ళుగా, అని గుమాస్తా అడిగితే
కొన్నాళ్ళుగా, అంది.
"కొన్నాళ్ళు" పట్టే గడి ఆ కంప్యూటర్లో లేనట్టుంది.
ఆరు వారాలు, అని కొట్టింది ఆవిడ.

మూడేళ్ళు నిండాక వచ్చిన నవంబరు తొమ్మిదిన
మిల్వాకీ నుంచి లాయరు ఫోను:
నొప్పి నలభై ఎనిమిది గంటల్లోపు మొదలైనట్టు
ఎవరైనా ఏదైనా చూపించగలరా?
నా దగ్గర కాగితం ఉంది, అన్నాను.
గొంతులో గర్వం దాచుకోలేదు.
చదవమన్నాడు. చదివాను.
తేదీ మళ్ళీ చదవమన్నాడు.
తర్వాత చాలాసేపు ఊపిరి మాత్రమే వినిపించింది.

మొదటి నొప్పి నుంచి మూడేళ్ళట గడువు.
జబ్బుకి పేరు పెట్టిన రోజు నుంచి కాదు,
స్కానింగులో చిరుగు తెల్లగా కనబడ్డ రోజు నుంచి కాదు.
ఆస్పత్రి కాగితాన్ని నమ్మితే
డెల్ఫీన్ వేళకే వచ్చింది,
కానీ ఆ నొప్పి టీకాదని ఒప్పుకునేవాళ్ళు లేరు.
నా కాగితాన్ని నమ్మితే నొప్పి టీకాదే,
కానీ ఇరవై ఆరు రోజులు ఆలస్యం.
అడకత్తెర రెండు రేకుల్లో ఒకటి
నా చేతిరాత.

పెన్సిలు గీతే, రబ్బరు పెడితే పోతుంది.
సొరుగులో రబ్బరు ఉంది కూడా.
ఏం తుడవను?
తుడిస్తే మిగిలేది ఆ ఆరు వారాలే.

మొన్న డెల్ఫీన్ వచ్చింది.
ఈ ఏడూ టీకా వేయించుకుంది,
కుడిచేతికి, వేలుపెట్టి మరీ చూపించి.
ఆ కాగితం ఒకసారి ఇమ్మంది.
లాయరుకా, అన్నాను.
కాదు, చూద్దామని.
కళ్ళజోడు సర్దుకుని, ఒక్కో గడీ వేలితో తడుముతూ పోయి
ఏడోదాని దగ్గర ఆగింది.

ఇక్కడ స్పేరు కొట్టాను చూశావా వెర్నా, అంది.
ఈ చేత్తోనే.